పసుపు తాగిన రేడియేటర్

మా అంబాసిడర్ వేడెక్కడం మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం మానేశాం. లక్సెట్టిపేట నుంచి ఆసిఫాబాద్ ఏడు సీసాలు. అంటే రేడియేటర్‌కు ఏడు లీటర్ల నీళ్లు, నాలుగు చోట్ల ఆగుడు. వెనక అద్దాలు దిగవు కాబట్టి లోపలున్నవాళ్లు ఇంజన్‌తోపాటే ఉడుకుతారు. బండి మా బాపుది, స్టీరింగు నాది. గల్ఫ్‌లో అన్నేళ్లు పరాయివాళ్ల కార్లు నడిపి వచ్చిన బాపు, "ఇగ నేను నడప. నన్నే కూసోబెట్టి నడపాలె" అన్నాడు. ఎవరు నడపాలో ఎవరూ అడగలేదు. తాళంచెవి నా చేతిలో ఉంది.

వేడికి కారణం నాకు తెలుసు. అసలు బాధ అదే.

రెండేళ్ల కింద రేడియేటర్ కారితే బాపు దోస్తు, మా ఊరి మిస్త్రీ, సీసం కరిగించి టాకా వేశాడు. నెల తిరక్కుండానే మళ్లీ చుక్క మొదలైంది. ఆ రోజు ఆసిఫాబాద్‌లో మా పెద్దమ్మ పట్టించి ఇచ్చిన పసుపు తీసుకుని ఒక్కణ్నే వస్తున్నాను. చాయ్ హోటల్ దగ్గర ఓ లారీ డ్రైవర్ బండి కింద మడుగు చూసి, "గుప్పెడు పసుపు పోయి తమ్మీ, బొక్క మూసుకుంటది" అన్నాడు. గుప్పెడుతో ఏమవుతుందని పావుకిలో పోశాను. బొక్క మూసుకున్నట్టే ఉంది. దానితోపాటు లోపలి సన్నగొట్టాలు కూడా మూసుకుపోయాయని వారానికి తెలిసింది.

బాపు నేరుగా మిస్త్రీ షెడ్డుకు పోయాడు.

"నీ టాకాతోనే ఖరాబైంది."

"అండ్ల ఏమన్న పోసిన్రా?"

"కొడుకు మీద ఒట్టు. నీళ్లు దప్ప ఏం పోయలే."

ఆ కొడుకును నేనే. పక్కనే నిలబడి స్క్రూలు లెక్కపెడుతున్నాను. మాటకు మాట పెరిగి, చిన్నప్పటి దోస్తానా అక్కడ తెగిపోయింది. అంతకుముందు బాపు సాయంత్రాలు షెడ్డులో చాయ్ తాగేవాడు. ఆ తర్వాత నుంచి ఇంట్లో కుర్చీ వేసుకుని నన్ను చూస్తున్నాడు. పసుపు పోసిన పాపానికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఉండదు. ఒప్పుకుందామని చాలాసార్లు అనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ చిన్న తప్పు కూడా వడ్డీ లేకుండానే పెరుగుతుంది.

మొన్న ఎండాకాలం ఒక పొద్దున బాపు ఫోన్‌లో ఏదో చూసి లేచాడు.

"రేడియేటర్ లోపట్నుంచి కడుగుదాం. వచ్చే చెత్తంత గా టాకా చెత్తనే. మొదటి నీళ్లు సీసల పట్టు. తీస్కపోయి వాని ముందల పెడ్త."

సాక్ష్యం పట్టే పని నేరస్థుడికి అప్పగించారన్న మాట.

బండికీ ప్రహరీగోడకూ మధ్య మూరెడు సందు. గోనెసంచి పరుచుకుని, వెల్లకిలా బండి కిందికి దూరాను. ఒక పక్క గోడ, ఇంకో పక్క బాపు కాళ్లు, పైన అంబాసిడర్. పారిపోయే దారి ఏదైనా ఉందా అని చూశాను. పిల్లి పట్టేంత ఉంది.

"రేడియేటర్ నల్లా తిప్పినవా?"

"జాం అయింది బాపు."

"నల్లానా, నువ్వా?"

నల్లా తిరిగింది కానీ చుక్క రాలేదు. కింది రబ్బరు పైపు ఊడదీశాను. బాపు పైన మూత తీసి బోరు పైపు పెట్టాడు. మొదట తుప్పునీళ్లు వచ్చాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే పసుపు ముద్దలు, గట్టి పప్పులాగా, నా భుజం మీదుగా జారాయి.

"ఏం రంగున్నయి?"

"తుప్పు. జర పసుపు కలిసింది."

బాపు కాళ్లు కదల్లేదు. సీసా నిండుతోంది. ఇక దాచడానికి స్థలం లేదు, నేను పడుకున్న చోటుతో సహా.

"నేనే పోసిన బాపు. పెద్దమ్మ ఇచ్చిన పసుపు."

"ఎంత?"

"పావుకిలో."

ముద్దలు ఆగడం లేదు. గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న మా అవ్వ తల ఎత్తకుండానే అంది: "గది పావుకిలో పసుపు గాదు. గా వారమే నా పసుపు డబ్బ సుత ఖాళీ అయింది. పిల్లి తిన్నదనుకున్ననా?"

బాపు కాళ్లు రెండడుగులు వెనక్కి జరిగాయి.

"నువ్వు పోసినంక సుత కారింది మరి," అన్నాడు. "ఏం జెయ్యాలె? నేను సుత పోసిన. ఇన్నొద్దులకు కరిగిపోయి ఉంటదనుకున్న."

నా మీద ఒట్టేసి మరీ అబద్ధమాడాడు. రెండేళ్లయింది, నేనింకా బతికే ఉన్నాను. ఒట్ల మీద నాకున్న కాస్త నమ్మకం ఆ పసుపునీళ్లతోపాటే మోరీలోకి పోయింది.

నీళ్లు తేటపడేదాకా గంటన్నర కడిగాం. పైపు తిప్పి కింది నుంచి పైకి కూడా కొట్టాం. అవ్వ చెంబుతో మంచినీళ్లు తెచ్చి నాకిస్తూ బాపును చూసింది. "బండి కడిగిన్రు, మంచిగుంది. గా మిస్త్రీకి ఎవలు చెప్తరు?"

నేను కింది పైపు మళ్లీ బిగించాను. బాపు, నేను బండి ఎక్కాం. షెడ్డు పది నిమిషాల దారి. రెండేళ్లలో మొదటిసారి ఆ బండి ఎక్కడైనా ఉడికి ఆగితే బాగుండని కోరుకున్నాను. వేడి చూపే ముల్లు సగం దాటలేదు.

మిస్త్రీ ఓ జీపు కింద ఉన్నాడు. బూట్లు మాత్రం కనబడుతున్నాయి. బాపు వాటి ముందు నిలబడి నా వైపు చూసి, "చెప్పు" అన్నాడు.

"మామా, రేడియేటర్ల నేను పసుపు పోసిన. గొట్టాలు జాం అయింది నీ టాకాతోని గాదు."

నేను నా వంతు చెప్పేశాను. మిగతాది నాది కాదు. బాపు గొంతు సవరించుకుని, టైర్ల వైపు చూసి, మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

"నాది ఎక్కువ," అన్నాడు చివరికి.

జీపు కింది నుంచి నల్లటి చెయ్యి ఒకటి బయటికి వచ్చింది.

"పద్నాలుగు నంబర్ పానా ఇయ్యి."

నేను వంగబోయాను.

"నువ్వు గాదు అల్లుడు. మీ బాపును ఇయ్యమను."

బాపు మోకాళ్ల మీద కూర్చుని పానాల డబ్బాలో వెతకసాగాడు. కళ్లద్దాలు ఇంట్లోనే మరిచిపోయాడు. మొదట పన్నెండు ఇచ్చాడు, అది వెనక్కి వచ్చింది. పదహారు ఇచ్చాడు, అదీ వచ్చింది. ఇద్దరికీ తొందరేమీ ఉన్నట్టు లేదు. నేను ఎదురుగా హోటల్‌కు పోయి మూడు చాయ్‌లు చెప్పాను.