ఏడు వన్స్ మోర్ల రాణి

మొన్న ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో ఒక పెద్దమనిషి, వెనకాల పళ్లబుట్టతో డ్రైవరు. పేరు చెప్పకముందే పోల్చుకున్నాను. అదే ముక్కు, అదే నవ్వు. మా పిన్ని చేత పన్నెండేళ్లు నాటకాలు ఆడించిన కాంట్రాక్టరు గారి కొడుకు. ఇప్పుడు రాజమండ్రిలో ఒక కళాసమితికి అధ్యక్షుడట. ఆహ్వానపత్రం చేతిలో పెట్టాడు. పిన్ని పేరు మీద పద్యాల పోటీ. ఒక్కొక్కరూ ఒక్కో పద్యం పాడాలి, జనం వన్స్ మోర్ అన్నప్పుడల్లా మళ్లీ పాడాలి, ఎవరు ఎక్కువసార్లు పాడితే వాళ్లకి 'ఏడు వన్స్ మోర్ల రాణి' అనే బిరుదు. "మీరే ముఖ్య అతిథి అండీ, కాదనకూడదు. ద్రాక్షారామంలో మీ పిన్నిగారు ఏడు వన్స్ మోర్లు పాడారని నాన్నగారు పోయేదాకా చెప్పుకున్నారండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కాఫీ ఇవ్వలేదు. మా జిల్లాలో ఇంటికొచ్చిన మనిషిని కాఫీ ఇవ్వకుండా పంపడమంటే ఏమిటో తెలిసినవాళ్లకు తెలుస్తుంది. అతనికి తెలియలేదు. వస్తానని మాత్రం చెప్పాను. ఎందుకు ఒప్పుకున్నానో అప్పటికి నాకే తెలియదు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. కాకినాడలో మా ఇంట్లోనే ఉండేది. చర్చి క్వయర్‌లో కీర్తనలు పాడి సంపాదించిన గొంతును తీసుకెళ్లి పౌరాణిక నాటకాలకు ధారపోసింది. సంఘపెద్దలు గొణిగారు. పాస్టరు గారు మందలించడానికి ఇంటికొస్తే, "నేను ఏడ్చేది రాజ్యం పోయిందని అయ్యగారూ, దేవుడు లేడని కాదు కదా" అందట. ఆయన నవ్వాపుకోలేక టీ తాగి వెళ్లిపోయారు. అప్పట్లో కాంట్రాక్టు నాటకాల్లో ఒక్క రాణి వేషాన్ని ఇద్దరు కట్టేవారు. మొదటి రాణికి అంతఃపురం, పట్టుచీర, సరసాలు. రెండో రాణికి అడవి, నారచీర, ఏడుపు పద్యాలు. అంతఃపురంలో బొద్దుగా, తెల్లగా ఉన్న రాణి అడవికి వెళ్లేసరికి జానెడు పొట్టి అయిపోయి నల్లబడిపోయిందేమిటని జనం ఒక్కనాడూ అడగలేదు. మా పిన్ని ఎప్పుడూ రెండో రాణే. పద్యం చివర ఆమె రాగం ఎత్తుకుంటే, వేరుశనక్కాయలు ఒలుచుకునేవాళ్ల చేతులు కూడా ఆగిపోయేవని అమ్మ చెప్పేది.

వన్స్ మోర్ సంగతి ఇప్పటివాళ్లకు కాస్త వివరంగా చెప్పాలి. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని కేకలేస్తారు. చచ్చిపడిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడి మళ్లీ చావాల్సిందే. ఇది అందరికీ సరదాగానే ఉంటుంది, పాడేవాళ్లకు తప్ప. ఎందుకంటే మళ్లీ పాడాలా వద్దా అన్నది వాళ్ల చేతిలో ఉండదు. హార్మోనిస్టు శ్రుతి పట్టాడంటే పాడి తీరాలి. హార్మోనిస్టు పక్కతెరల్లో నిలబడ్డ కాంట్రాక్టరు వైపు చూస్తాడు. ఆయన వేలు ఎత్తితే మళ్లీ శ్రుతి, చెయ్యి ఊపితే తెర. అంతే. రంగుల దీపాల కింద నిలబడి ఏడ్చే రాణికి తన గొంతు మీద ఆ మాత్రం అధికారం కూడా ఉండేది కాదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పిన్ని ఒకరోజు పొద్దున్నే ద్రాక్షారామం నుంచి మొదటి బస్సులో వచ్చింది. మెడకు తడిగుడ్డ, ముఖం మీద సగం చెరిగిన రంగు. అమ్మ ఏం అడిగినా చెయ్యి ఊపింది తప్ప మాట్లాడలేదు. వెంట వచ్చిన వంతపాట ఆవిడ మాత్రం గుమ్మంలోనే, "ఏడు వన్స్ మోర్లండీ! పందిరి లేచిపోయిందనుకోండి" అంది. నేను ఆ ముక్క పట్టుకుని బడికి పరిగెత్తి క్లాసంతా చాటాను. మా పిన్నికి ఏడు, మా పిన్నికి ఏడు అని. సాయంత్రం ఇంటికొచ్చి అదే మాట పిన్ని ముందు ఎగురుతూ చెప్పాను. ఆమె నా రఫ్ నోట్సు లాక్కుని రాసింది. వరసగా మూడు ఊళ్లలో ఆడడం వల్ల అప్పటికే జ్వరమట, గొంతు వాచిందట. మూడోసారి అయ్యాక హార్మోనిస్టుకు కళ్లతోనే దణ్ణం పెట్టిందట. అతను కాంట్రాక్టరు గారి వైపు చూశాడు. ఆయన వేలు ఎత్తాడు. ఆ వేలు ఇంకో మూడుసార్లు లేచింది. అమలాపురం వైపు ఇంకో కాంట్రాక్టరు నాటకంలో ఆరు వచ్చాయని చెప్పుకునేవారు, ఈయనకు ఏడు కావాలి. ఏడోసారి రాగం మధ్యలో ఏదో చిరిగినట్టయింది, నోట్లో నెత్తుటి రుచి తగిలింది అని రాసి నోట్సు మూసేసింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

వారం తిరక్కుండా కాంట్రాక్టరు గారు వచ్చారు, మధ్యాహ్నం అన్నాల వేళకి. ఉప్పాడలో నాటకం ఒప్పుకున్నానని, ఎప్పటికి తేరుకుంటావని అడిగారు. పిన్ని నా నోట్సులో ఒక్క ముక్క రాసి ఆయన ముందుకు తోసింది. 'ఎందుకు ఆపలేదు?'

ఆయన చదివి, కండువాతో ముఖం తుడుచుకున్నారు. "జనం అడుగుతుంటే ఎలా ఆపుతామమ్మా? జనమే కదా మనకి దేవుడు" అన్నారు.

అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి, "లెగండి. మా గుమ్మం దిగండి ముందు" అంది. ఉప్పాడలో ఆ వేషం ఇంకెవరో కట్టారు. పిన్ని గొంతు మాట్లాడేపాటి తిరిగొచ్చింది గానీ పాటకు రాలేదు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరి, గదమాయించాల్సిన చోట గంట కొట్టి నెట్టుకొచ్చింది. చర్చిలో క్వయర్ వదిలేసి ఆఖరి బెంచీలో కూర్చునేది. అందరితో పాటు లేచి, పాటల పుస్తకం తెరిచి, పెదవులు మాత్రం కదిపేది. పక్కన నిలబడి పాడాలంటే నాకు సిగ్గుగా ఉండేది. ఆ కాంట్రాక్టరును నేను క్షమించలేదు. శ్రుతి పట్టిన హార్మోనిస్టును క్షమించలేదు, అరిచిన జనాన్నీ క్షమించలేదు. ఎనిమిదో తరగతి పిల్లను మాత్రం ఒకటి రెండుసార్లు క్షమించాలని చూశాను, కుదరలేదు.

పోటీ రోజు పదిగంటలకల్లా రాజమండ్రి వెళ్లాను. హాలు బయట నిలువెత్తు ఫ్లెక్సీ మీద పిన్ని, నారచీరలో, రాగం మధ్యలో నోరు తెరిచి ఉంది. కొడుకుగారు అరగంట మాట్లాడారు, అందులో తండ్రిగారి కళాసేవ ఇరవై నిమిషాలు. మొదటి ఇద్దరు పోటీదారులు రెండుసార్లు పాడి చాలించారు. మూడో అమ్మాయి మండపేట నుంచి వచ్చిన డిగ్రీ పిల్ల. మంచి గొంతు. నాలుగోసారికి జనం కుర్చీల్లోంచి లేచారు. అయిదోసారి పద్యం చివర ఆమె చెయ్యి దానంతటదే గొంతు మీదికి వెళ్లింది. జనం వన్స్ మోర్ అన్నారు. ఆ పిల్ల హార్మోనిస్టు వైపు చూసింది. అతను ముందు వరసలో ఉన్న కొడుకుగారి వైపు చూశాడు. ఆయన నవ్వుతూ వేలు ఎత్తాడు.

ఎలా లేచానో తెలియదు. మోకాళ్ల నొప్పులు కూడా ఆ క్షణాన గుర్తులేవు. వేదిక ఇవతలి చివర వేసిన ముఖ్య అతిథి కుర్చీ దగ్గర్నుంచి నడిచివెళ్లి, శ్రుతి పట్టబోతున్న అతని వేళ్లు పక్కకి నెట్టి హార్మోనియం మూత దించేశాను. నా మంచినీళ్ల సీసా ఆ పిల్ల చేతిలో పెట్టాను. హాలంతా గొడవ. "ముసలమ్మని దింపండ్రా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

కొడుకుగారు పరిగెత్తుకొచ్చారు. "అదేంటండీ మేడమ్ గారూ! జనం అడుగుతున్నారు కదండీ!"

"అడగనివ్వండి" అన్నాను.

ఆ పిల్ల నీళ్లు తాగేదాకా మూత మీంచి చెయ్యి తీయలేదు. హార్మోనియం మూత ఏపాటి బరువని? పావుకిలో కూడా ఉండదు. దాన్ని దించడానికి మా ఇంట్లోంచి ఒక మనిషి రావడానికి యాభై రెండేళ్లు పట్టింది.