నీలం సుద్దబిళ్ళ

పరుపుల మేస్త్రి ఎదుటి మనిషి నడుం చూసి పడక చెప్పేసేవాడు. "మీకు గట్టిది కావాలి, మెత్తది వేస్తే పొద్దున లేవలేరు" అనేవాడు. కొత్త దంపతులు వస్తే, "మీరిద్దరూ మధ్యలోకే దొర్లుతారు, అక్కడ దూది ఇంకో రెండు కేజీలు దట్టించాలి" అని మొహం మీదే అనేవాడు. వాళ్ళు సిగ్గుపడితే ఆ రోజంతా అదే చెప్పుకుని మురిసిపోయేవాడు. యాభై నాలుగేళ్ళు వచ్చినా నోటికి గొళ్ళెం లేదు. చింత చచ్చినా పులుపు చావలేదని వీధిలో అనుకునేవారు. చింత ఎప్పుడో చచ్చిందనీ, పులుపు మందుల షాపు నుంచి వస్తోందనీ వాళ్ళకి తెలియదు.

కింద కొట్టు, పైన కాపురం. కొట్లో ఎటు చూసినా దూదే. బల్బు మీద దూది, గోడ గడియారం మీద దూది, మేస్త్రి కనుబొమల మీద దూది. కిటికీ పక్కన భార్య కుట్టుమిషను. పరుపు సంచులన్నీ ఆవిడే కత్తిరించి, ఆవిడే కుట్టేది. ఇరవయ్యో ఏట ఆ కొట్లోకి కుట్టుపనికి వచ్చింది, ఆ తర్వాత ఏడాది మేస్త్రికి పెళ్ళామైంది. పని మాత్రం అదే పని. పెళ్ళామయ్యాక జీతం ఆగిపోయింది, అంతే తేడా.

దూది కూరిన పరుపుకి గుండీలు వేయాలంటే ఇద్దరు కావాలి. పరుపుని చట్రానికి కట్టి నిలబెడతారు. ఇవతల నుంచి ఒకరు జానెడు దబ్బనం పొడుస్తారు, అవతల ఉన్నవాళ్ళు అందుకుని దారం బిగించి మళ్ళీ ఇటు పంపుతారు. ఒకరి మొహం ఒకరికి కనపడదు. ఎక్కడ పొడుస్తారో అవతలివాళ్ళకి ముందే తెలియాలి, లేకపోతే అరచేతిలో దిగుతుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇరవై ఏడేళ్ళు అలా పరుపుకి అటొకరు ఇటొకరు నిలబడి బతికారు. ఏనాడూ నెత్తురు చుక్క కారలేదు. మాటలతో పొడుచుకున్నవి వేరే లెక్క.

మూడేళ్ళ కిందట మేస్త్రికి పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక ఒక ఆదివారం మధ్యాహ్నం, కొట్టు మూసే పూట, పెళ్ళాం దగ్గర ఓడిపోయాడు. ఆ తర్వాతి ఆదివారం కూడా అంతే. జ్వరం పడి లేచిన ఒళ్ళు, నాలుగు వారాలు ఆగితే దానంతటదే తిన్నగా అయ్యేది. ఆగితే మేస్త్రి ఎందుకవుతాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "నీ ఒంటి నిండా మిషన్ నూనె కంపు. మనిషన్నవాడికి ఏం పుడుతుంది?" అన్నాడు.

ఆవిడ ఆ మాట మింగేసింది. రోజుకి రెండుసార్లు వాసన సబ్బుతో ఒళ్ళు తోముకోవడం మొదలుపెట్టింది. చేతివేళ్ళు తోమి తోమి చర్మం లేచిపోయింది. నెల్లాళ్ళకి మేస్త్రి మళ్ళీ మామూలు మనిషయ్యాడు. మామూలుకంటే ఒక పిసరు ఎక్కువే అయ్యాడు. సబ్బు పని చేసిందనుకుంది పిచ్చిది. రెండున్నరేళ్ళు ఆ సబ్బు మీద నమ్మకంతో బతికింది.

ఒక రోజు సన్న సూదులు అయిపోయి మేస్త్రి సూదుల డబ్బా తెరిచింది. అడుగున దూదిలో పొదిగి నీలం బిళ్ళలు, అటూ ఇటూ మొన తేలినవి, కోడిపెట్ట కింద గుడ్లలా ఉన్నాయి. ఒకటి కొంగున ముడేసుకుని వీధి చివర మందుల షాపు ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"ఇదేం బిళ్ళ అక్కా?"

షాపావిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసింది. "ఎవరిది?"

"మా ఆయనది."

"అయితే ఎక్కడ తీశావో అక్కడ పెట్టెయ్యి. మగాళ్ళ మందు. డాక్టరు చూసి ఇచ్చాడా?"

"మా ఆయన డాక్టరు దగ్గర చొక్కానే విప్పడు. ఇంక ఇది విప్పి చెప్తాడా?"

"గుండెకి మందులేమన్నా వాడతాడా? వాడితే మాత్రం ఇది ప్రాణం మీదికి తెస్తుంది, ముందే చెప్తున్నా."

"ఆ గుండెకేం, బండరాయి." అప్పుడు ఆవిడ అసలు మాట అడిగింది. "అక్కా, దీనికి అలవాటు పడిపోతారా? తాగుడుకి పడ్డట్టు?"

"ఒళ్ళు పడదు. ఆపేస్తే చేతులు వణకడం, చెమటలు పట్టడం ఉండదు. మనసు పడుతుంది. మొదట్లో ఒళ్ళు బాగాలేక మింగుతారు, ఒళ్ళు బాగయ్యాక భయం కొద్దీ మింగుతారు. ఇది లేకపోతే నేను లేను అనుకుంటాడు చూడు, అక్కడ పడిపోతాడు. దాన్ని విడిపించే బిళ్ళ నా షాపులో లేదమ్మా."

ఇంటికొస్తూ దారంతా ఆవిడ ఒక్కటే అనుకుంది. ఇన్ని ఆదివారాలూ నా దగ్గరికి వచ్చింది మనిషా, బిళ్ళా? నలభై ఎనిమిదేళ్ళ ఆడది ఈ మాట ఎవర్ని అడుగుతుంది. అడిగినా ఎవరు చెప్తారు. తనే తేల్చుకుందామనుకుంది.

సంచుల గుడ్డ మీద గీతలు గీయడానికి ఆవిడ దగ్గర నీలం సుద్ద ఉంటుంది. బ్లేడుతో దాన్ని చెక్కింది. అచ్చం ఆ కొలత, అచ్చం ఆ మొనలు. గంజి రాసి, ఆరబెట్టి, పట్టుగుడ్డతో మెరుగు పెట్టింది. ముందు తనే ఒకటి మింగి రెండు రోజులు చూసుకుంది. ఏమీ కాలేదు. అప్పుడు అసలువి తీసి దారాల పెట్టెలో మూటగట్టి, డబ్బాలో సుద్దవి పొదిగింది.

ఆదివారం మేస్త్రి గోడ వైపు తిరిగి, దగ్గు నటిస్తూ, నీళ్ళతో సుద్ద మింగాడు. గంట సేపు పేపరు తిరగేశాడు. ఆ తర్వాత లేచి వచ్చాడు. ఆవిడ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది, పరీక్ష తనదైనట్టు. మేస్త్రి ఏ లోటూ లేకుండా నెగ్గాడు.

ఆ తర్వాతి ఆదివారం నెగ్గాడు. ఆ పై వారమూ నెగ్గాడు. డబ్బా ఖాళీ అయ్యాక ఊరవతల షాపు నుంచి కొత్తవి తెచ్చుకున్నాడు, అవీ మూటలోకి పోయాయి, వాటి స్థానంలో సుద్ద వచ్చింది. మూడు నెలలు ఆవిడకి మిషను తొక్కుతుంటే కాళ్ళు నొప్పి తెలియలేదు. బిళ్ళ కాదు, మనిషే. ఈ ముసలి వెధవకి నేనే కావలసి వస్తున్నాను, తనకే ఆ సంగతి తెలియదు, అనుకుని లోపల్లోపల నవ్వుకునేది. రెండుసార్లు చెప్పేద్దామని నోటిదాకా తెచ్చుకుంది కూడా. "నీకు బిళ్ళలెందుకయ్యా, నువ్వు బాగానే ఉన్నావు" అంటే ఎంత బాగుండేది. అన్నది కాదు. తనొక్కతే తెలుసుకుని దాచుకోవడంలో ఒక రుచి ఉంది, ఆ రుచి మరిగింది.

సుద్ద మింగి మేస్త్రికి పొగరు మాత్రం అసలు బిళ్ళంత ఎక్కింది. ఎదురుగా ఉన్న స్పాంజి పరుపుల షాపు మేస్త్రి పెళ్ళాం తమ్ముడిదే. వీధంతా అతన్ని స్పాంజి అనే పిలిచేది. ఎవరెటు నొక్కితే అటు నొక్కుకుపోయే మనిషి. బేరాల్లేని పూట ఇటొచ్చి కూర్చుని బావ కబుర్లకి పళ్ళికిలించేవాడు.

ఆ రోజూ అలాగే వచ్చాడు. బేరానికి వచ్చిన మొగుడూ పెళ్ళాలిద్దరు బల్ల మీద కూర్చుని ఉన్నారు. మేస్త్రీ ఆవిడా పరుపుకి గుండీలు వేస్తున్నారు, అతను ఇవతల, ఆవిడ అవతల.

"బావా, నీ వయసులో నీ జోరు నాకు లేదు. ఏం తింటున్నావు చెప్పు" అన్నాడు స్పాంజి.

"తినేది కాదురా, పుట్టుకతో రావాలి" అన్నాడు మేస్త్రి దబ్బనం పొడుస్తూ. "నా సంగతి సరే. మీ అక్క సంగతే చూడు. దూది ముద్ద కట్టేసింది. ఎంత ఏకినా విడిపోదు. నేను కాబట్టి దయతలిచి కాపురం చేస్తున్నా. ఇంకొకడైతే ఈపాటికి పాత సంచి అవతల పారేసి కొత్తది కుట్టించుకునేవాడు."

బేరానికి వచ్చిన మొగుడు నవ్వాడు. అది ఆవిడ పట్టించుకోలేదు. తమ్ముడు నవ్వాడు. తను ఎత్తుకుని పెంచిన తమ్ముడు, తొడ చరుచుకుని మరీ నవ్వాడు. పరుపు వెనక దబ్బనం అందుకున్న చెయ్యి ఆగింది.

"ఒరే తమ్ముడూ, మీ బావ మూడు నెలల్నించి ప్రతి ఆదివారం ఏం మింగుతున్నాడో అడుగు" అంది ఆవిడ.

పరుపు ఇవతల మేస్త్రి దారం వదిలేశాడు.

"అడగవా? నేనే చెప్తాలే. సూదుల డబ్బాలో మగతనం బిళ్ళలు దాచుకున్నాడు. అవి నేను తీసేశాను. తీసేసి, నా సుద్ద చెక్కి పెట్టాను. పుట్టుకతో వచ్చిందట. పుట్టుకతో కాదు, నా బ్లేడుతో వచ్చింది."

"దీని మాటలు నమ్మకు, మతి చెడింది" అన్నాడు మేస్త్రి. గుమ్మడికాయల దొంగలా అతని చెయ్యి అప్పుడే సూదుల డబ్బా వైపు వెళ్ళిపోయింది.

ఆవిడ పరుపు చుట్టూ తిరిగి వచ్చింది. మిషను మీది సుద్దముక్కా బ్లేడూ తీసుకుని, అందరి ఎదుటా నాలుగు వేట్లలో ఒక బిళ్ళ చెక్కి, కొంగుతో రుద్ది, డబ్బాలోవాటి పక్కన పెట్టింది. ఏది ఏదో ఆవిడే చెప్పలేకపోయింది. మేస్త్రి ఒకటి తీసి పటుక్కున కొరికాడు. నాలుక నీలంగా అయింది.

"బావా, ఏదీ, నాలుక చూపించు" అన్నాడు స్పాంజి. నవ్వీ నవ్వీ దగ్గు తెరలొచ్చి కింద కూర్చున్నాడు. బేరానికి వచ్చిన ఆడమనిషి మొగుణ్ణి లేవదీసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికి వీధిలో మేస్త్రికి సుద్దబిళ్ళ అని పేరొచ్చింది.

నిజానికి ఆవిడ చెప్పింది మంచి కబురే. మందు లేకుండా మూడు నెలలు నిఖార్సుగా కాపురం చేశావయ్యా అని. అదే మాట మంచం మీద చెబితే మేస్త్రి ఆ డబ్బా తనే కిటికీలోంచి విసిరేసేవాడు. పదిమందిలో చెప్పేసరికి ఉన్నది కాస్తా పోయింది. పై ఆదివారం అతను దారాల పెట్టెలోని మూట వెతికి తీసి, అసలు బిళ్ళ మింగాడు. పని జరగలేదు. ఆ పై వారం రెండు మింగాడు. మొహం కందగడ్డై, తల పగిలిపోతుంటే, గోడలన్నీ నీలంగా కనపడుతున్నాయని మంచం పట్టుకుని కూర్చున్నాడు. అదీ పని చేయలేదు.

చచ్చినట్టు డాక్టరు దగ్గరికి వెళ్ళి చొక్కా విప్పాడు. డాక్టరు అన్నీ చూసి, నెత్తురు పరీక్ష చేయించి, "ఒంట్లో ఏ లోపమూ లేదు. భయం తగ్గాలి. రెండేసి మింగడం మానెయ్యండి, ఈసారి ఇద్దరూ కలిసి రండి" అన్నాడు.

"లోపం లేదట" అన్నాడు ఇంటికొచ్చి. "లోపం ఉందంటే మందన్నా ఉండేది కదే."

"కలిసి రమ్మన్నాడుగా. వెళ్దాం."

"నీతోనా? అక్కడ కూడా చెక్కి చూపిస్తావా?"

ఆవిడ వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

పది రోజులు చట్రానికి అటూ ఇటూ నిలబడ్డా పలకరింపు లేదు. పదకొండో రోజు పరుపు ఇవతల నుంచి మేస్త్రి మెల్లగా అన్నాడు. "ఒసే, ఆ సుద్దే చెయ్యి. దానికే బాగుండేది."

చేసింది. సుద్దని తెలిసి మింగాడు, పని చేయలేదు.

"అయితే ఇలా చెయ్యి" అన్నాడు. గొంతు వింటే వీధి కుక్క కూడా జాలిపడేలా ఉంది. "అసలువీ సుద్దవీ కలిపెయ్యి. ఏది ఇస్తున్నావో నాకు చెప్పకు. నీ చేత్తో నువ్వే ఇవ్వు."

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేశాక మేస్త్రి పైకి వచ్చి మంచం అంచున కూర్చుని అరచెయ్యి చాపుతాడు. ఆవిడ స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకుని వస్తుంది. అరచేతిలో ఒక బిళ్ళ వేస్తుంది. అతను దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూస్తాడు, అటూ ఇటూ తిప్పుతాడు, వాసన చూస్తాడు. తేలదు. అప్పుడు తలెత్తి ఆవిడ మొహం చూస్తాడు. పెళ్ళైన నాటి నుంచి ఎన్నడూ అంత సేపు, అంత దీక్షగా ఆవిడ మొహంలోకి చూసిన మనిషి కాదు. కంటి కొస దగ్గర మొదలుపెట్టి పెదవి కొసదాకా, అక్షరం అక్షరం కూడబలుక్కున్నట్టు చూస్తాడు.

"సుద్దేనా?"

"నేనూ చూడకుండానే తీశాను. మింగు."

"నవ్వు ఆపుకుంటున్నావు."

"నవ్వడం లేదు."

"అయితే అసలుదే. అసలుదైతే నువ్విలాగే ఉంటావు."

"మింగవయ్యా" అంటుంది. అతను మింగుతాడు. గంట ఆగాలి. ఇద్దరూ పక్కపక్కనే, రాని బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంటారు. అతను గడియారం కేసి చూస్తూ ఉంటాడు.