కారు కింద తడి

పోయిన వారం అనంతపురంలో ఒక బట్టల దుకాణం ముందు కారు ఆపి దిగుతుంటే అక్కడి వాచ్‌మన్ గబగబా వచ్చి, "సార్, బండి కింద నీళ్లు కారుతాండాయి, చూసుకోండి" అన్నాడు. ఏసీ నీళ్లేలే అన్నాను. అయినా వంగి చూశాడు. ఈ జిల్లాలో పుట్టినవాడెవడూ కారే నీళ్లను చూసి ఊరికే పోలేడు. నేనూ వంగాను. వేడి సిమెంటు మీద అరచేయంత తడి. నాకేమీ అనిపించలేదు. ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను కూడా. మా ఆవిడ దుకాణం మెట్ల మీది నుంచి పిలిస్తే లోపలికి పోయాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా అమ్మకు మూత్రపిండాలు చెడిపోయాయి. తాడిపత్రి పక్కన మా పల్లె నుంచి వారానికి రెండుసార్లు అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయి రక్తం శుద్ధి చేయించాలి. అంతకంటే కష్టమైన సంగతి, రోజుకు నాలుగు గ్లాసులకు మించి నీళ్లు తాగకూడదు. ఎక్కువ తాగితే ఆ నీళ్లకు బయటికి దారి లేక ఊపిరితిత్తుల్లో చేరతాయని డాక్టరు చెప్పాడు. మా ఎండల్లో నాలుగు గ్లాసులంటే ఏపాటి? మా వైపు బండలు కోసే మిషన్లు కూడా అంత తక్కువతో బతకవు. అమ్మ ఒక స్టీలు గ్లాసు వేరుగా పెట్టుకుని, దాంతోనే కొలుచుకుని తాగేది. బస్సులో పోతే వడగాలికి దప్పిక ఎక్కువవుతుందని, పదేళ్లు ఎవరో తోలేసిన కారు ఒకటి కొన్నాను. నాయన ఇంజను సంగతి అడగలేదు, టైర్లు తన్ని చూడలేదు. "సల్లగాలి వస్తాదా?" అని మాత్రం అడిగాడు. వచ్చేది. తలుపులు వేసుకుంటే అమ్మ అనంతపురం దాకా నీళ్ల మాట ఎత్తేది కాదు.

మా నాయన సంగతి కొంచెం చెప్పాలి. ఆయనకు నాలుగు ఎకరాల చీనీతోట, అదే బత్తాయి తోట, ఎప్పుడు ఎండిపోతుందో తెలియని బోరు ఒకటి. జేబులో బీడీలున్నా లేకపోయినా, సన్నగా కోసిన సైకిల్ ట్యూబు ముక్కలు మాత్రం తప్పకుండా ఉండేవి. డ్రిప్పు పైపు ఎక్కడ చెమర్చినా ట్యూబు సాగదీసి చుట్టేవాడు. పైపు కొసను మడిచి బిగించి కట్టాడంటే ఇక చుక్క బయటికి రాదు. ఆ విద్యను సొంత తోటకే పరిమితం చేసుకోలేదాయన. చుట్టాల పెళ్లికి పోయి, వాళ్ల దొడ్లో కారే కొళాయికి చుట్టి వచ్చాడొకసారి. ఏం చదివించి వచ్చినావని అమ్మ అడిగితే, "నీళ్లు నిలబెట్టి వచ్చినా, అంతకంటే ఏం కావల్ల?" అన్నాడు. అమ్మ ఈ ముచ్చట చెప్పి నవ్వని పండగ లేదు.

మే నెలలో ఒకరోజు కారు లోపల, ముందు సీట్లో అమ్మ కాళ్ల దగ్గర నీళ్లు కనిపించాయి. మర్నాటికి మ్యాటు కింద చెంబెడు అయ్యాయి. "తాగొద్దంటే కాళ్లకాడికే వచ్చినాయి చూడు" అంది అమ్మ. పని ఒత్తిడిలో నేను పట్టించుకోలేదు, గుడ్డతో అద్ది పిండేవాణ్ణి. ఆ పై వారం, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో గాలి ఆగిపోయింది. అద్దాలు దించితే పొయ్యి ముందు కూర్చున్నట్టు ఉంది. అమ్మ ఒక గుక్క నీళ్లడిగింది. ఇంకొంచెం దూరం పోయాక మళ్లీ అడిగింది. నాయన వెనక సీట్లోంచి బాటిల్ అందించాడు. ఇంటికి చేరేసరికి అది ఖాళీ. మర్నాటికి ఆయాసం పట్టుకుంది. మళ్లీ ఆసుపత్రే. రెండు రోజులు ఆమెను కూర్చోబెట్టే ఉంచారు, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. "నేనే ఇచ్చినా" అని నాయన నర్సుకు చెప్పాడు. ఆమె అడగలేదు. నేను ఫారాలు నింపుతూ ఉన్నాను.

మూడోరోజు పంపించేస్తే, దారిలో బుక్కరాయసముద్రం చెరువుకు ఎదురుగా ఉన్న షెడ్డులో కారు ఆపాను. ఆ ఏడు చెరువులో గొర్రెలు మేస్తున్నాయి. అమ్మను రేకుల నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మెకానిక్ నాకంటే చిన్నవాడు, మాట తక్కువ. ముందు గ్యాసు లీకేమోనని పైపుల అతుకులన్నిటికీ సబ్బు నురుగు పూసి చూశాడు. ఒక్క బుడగా లేవలేదు. గాలి తోసే ఫ్యాను విప్పితే దాని మోటారు నానిపోయి మాడిపోయి ఉంది. తల గీరుకుని కారు కిందికి దూరాడు. కొంచెంసేపటికి చెయ్యి ఒకటే బయటికి వచ్చింది. అందులో నల్లటి రబ్బరు చుట్ట.

"ఎవురు, అన్నా, దీన్ని కట్టింది?" అన్నాడు లోపల్నుంచే. "ఇది ఏసీ నీళ్లు కిందికి పోయే పైపు. మడిచి కట్టేస్తే యాడికి పోతాయి? లోపలికే గదా ఎక్కేది."

ఆ సైకిల్ ట్యూబు ముక్క మా ముగ్గురికీ తెలుసు. నాయన చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు. మెడ వెనక చెమట పట్టి ఉంది. నేను ఏదో ఒకటి అనాల్సింది. కోపమో, జాలో, ఏదీ నాలోంచి రాలేదు. కుర్చీలోంచి అమ్మే అంది, "నీళ్లు కారుతాంటే కట్టేదే గదప్పా. మా ఇంట్లో ఎవురు చూసినా కట్టేవాళ్లే."

మెకానిక్ కొత్త మోటారు వేసి, పైపు వదిలేసి, స్టార్ట్ చేయమన్నాడు. నాయన గొంతుక్కూర్చుని కిందికి చూశాడు. మొదటి చుక్క పడేదాకా లేవలేదు. ఆ తర్వాత ప్రతి ప్రయాణంలోనూ కారు ఆగగానే దిగి, వంగి, చుక్క పడిందని చూసుకున్నాకే అమ్మ వైపు తలుపు తీసేవాడు. చల్లగాలి మళ్లీ ఆగలేదు. అమ్మ మాత్రం ఆ మరుసటి వేసవి చూడలేదు. నేను ఏడవలేదు. పనులు చాలా ఉండేవి, అన్నీ సరిగ్గానే చేశాను.

కర్మలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం నాయన వచ్చి, కారు స్టార్ట్ చేసి ఏసీ వేయమన్నాడు. వేశాను. దిగి చూస్తే ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. కిందపడే నీళ్లు మట్టిలో ఇంకుతున్నాయి. ఆయన అలవాటు తెలిసినవాణ్ణి గనక చెంబు తెచ్చి పెట్టబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దులేరా. పోనీ."

ఆయన నోట నీళ్ల గురించి ఆ మాట నేను విన్నది అదొక్కసారే. ఇప్పుడాయన కూడా లేడు. ఇరవై ఏళ్లలో చాలా పోయాయి. అమ్మ గొంతు ఎలా ఉండేదో గట్టిగా తలుచుకున్నా రావడం లేదు. రోజుకు నాలుగు గ్లాసులన్న లెక్క మాత్రం, నీళ్లు తాగడానికి చెయ్యి చాచిన ప్రతిసారీ గుర్తొస్తుంది.