హమామ్ నేల తాగిన నీళ్లు

తెలంగాణ వచ్చిన మరుసటేడు, వానలు వెనకబడుతున్న రోజుల్లో, ఇబ్రహీంపట్నం శివార్లలోని ఒక పాత హమామ్ మరమ్మతు నాకు అప్పగించారు. హమామ్ అంటే పాదుషాల కాలంనాటి ఊరుమ్మడి స్నానశాల. చన్నీళ్లకొకటి, గోరువెచ్చనివాటికొకటి, వేడినీళ్లకొకటి, మొత్తం మూడు గదులు. వేడి గది మీది గుమ్మటం బీటలు వారింది. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, కట్టడం బరువు ఎలా మోస్తుందో లెక్కగట్టడం నా పని. ఆ లెక్కల మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

గుమ్మటం కూలకుండా దాని కింద ఇనుప ప్రాప్‌లు, అంటే తాత్కాలిక ఆసరా స్తంభాలు, పెట్టించాను. పక్కనే పరంజా ఎక్కి, పక్కనున్న మంచాల ఊరి నుంచి వచ్చే మేస్త్రీ మల్లయ్య, మరో ఇద్దరు బీటల్లో సున్నం నింపుతున్నారు. మల్లయ్య భార్య యాదమ్మ కింద రాతి నేల కడుగుతోంది. నేను గుమ్మం బయట కుర్చీలో డ్రాయింగులు చూసుకుంటున్నాను.

"సారూ, రెండు బకెట్లు పోసిన. నీళ్లు యాడికి పోతున్నయో తెలుస్తలేదు," అంది యాదమ్మ.

పాత రాళ్లు కదా, సందుల్లో ఇంకుతాయిలే అన్నాను. ఆమె కదల్లేదు. గడ్డపార మొద్దు కొసతో ప్రాప్ పక్క రాయిని మెల్లగా తట్టింది. బోలుగా మోగింది.

నేను కుర్చీలోంచి లేచాను. పొయ్యిలోని వేడి పొగ కింద తిరిగి నేలను కాచేందుకు, హమామ్ వేడి గదిలో పొట్టి ఇటుక దిమ్మెల మీద రాతి పలకలు పరుస్తారు. అది పుస్తకాల్లో చదివినవాణ్ణే. ఆ ఖాళీ ఎప్పుడో మట్టితో పూడిపోయి ఉంటుందనుకుని, తవ్వి చూడకుండానే గుమ్మటం బరువు దాని మీద మోపాను. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే.

అరిస్తే వాళ్లు దూకుతారు, ఆ అదురుకు పలక విరుగుతుంది. ఒక్కొక్కరే నెమ్మదిగా దిగమని చెప్పాను. యాదమ్మ, పరంజా మీది ఆ ఇద్దరు బయటికి వచ్చేశారు. మల్లయ్య నిచ్చెన సగంలో ఉండగా ప్రాప్ కింది పలక టప్పుమని బొటనవేలి మందాన దిగింది. యాదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మల్లయ్య ఆగాడు. తర్వాత ఒక్కో మెట్టూ దిగి, గుమ్మం దాటి, మట్టిలో కూలబడ్డాడు.

పొయ్యి వైపు నుంచి టార్చి వేసి చూస్తే, ప్రాప్‌ల కింది దిమ్మెలు సగానికి సగం పొడిగా రాలిపోయి ఉన్నాయి.

కొన్నాళ్లకు దిమ్మెలు తిరిగి కట్టించి, గుమ్మటం బరువును గోడల మీదికి మళ్లించి, ఇక భయం లేదు ఎక్కమన్నాను. యాదమ్మ భర్తకు అడ్డంగా నిలబడింది.

"నువ్వు లోపట నిలబడు సారూ. గప్పుడు మా ఆయన ఎక్కుతడు."

గంట ఆగమని చెప్పి లెక్కలు మూడుసార్లు సరిచూసుకున్నాను. మొదట మల్లయ్యను ఎక్కించినప్పుడు ఒక్కసారే చూసి సంతకం పెట్టాను. ఆ తేడా గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ రోజు సాయంత్రం దాకా గుమ్మటం కిందే నిలబడ్డాను. అప్పటినుంచి, నేను నిలబడలేని చోటికి ఎవరినీ ఎక్కించలేదు.