ఆదివారాల ఇంజను చప్పుడు

మా గున్మా కొండల్లో భర్త పోయాక అతని కారు అమ్మేసిన ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. భర్త ఆసుపత్రిలో ఉండగా, చెప్పకుండా అమ్మింది మాత్రం నాకు తెలిసి నొబుయే ఒక్కతే.

పక్షవాతం వచ్చిన ఆమె భర్త ఇసావో పట్నం ఆసుపత్రిలో మళ్ళీ నడక నేర్చుకుంటున్నాడు. ఇంట్లో అతని పాత స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే తలుపులు, నేలకు అతుక్కున్న సీట్లు, బలమంతా పెడితేగాని దిగని క్లచ్. కనుమదారి మలుపుల్లో దాన్ని ఉరికిస్తూనే అతని యవ్వనమంతా గడిచింది. ప్రతి ఆదివారం నొబుయే ఇంజను ఆన్ చేసి, ఫోను పొగగొట్టం దగ్గర పట్టుకునేది. "ఆఁ, గొంతు బాగుంది. ఇవాళ నాలుగడుగులు ఎక్కువేస్తా" అనేవాడు అవతలనుంచి.

ముసలివాళ్ళు డ్రైవింగ్ లైసెన్సులు వెనక్కిచ్చెయ్యాలని పోస్టర్లు అంటించిన పెద్దలే మా లోయకు వచ్చే ఒక్క బస్సునూ ఆపేశారు. మోకాళ్ళు వంగని పక్కింటి ముసలావిడ తోమిగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే పని నొబుయే మీద పడింది.

"ముల్లంగిని జాడీలో కుక్కినట్టు కుక్కుతున్నావు కదమ్మా!" అని వెనక సీట్లోంచి తోమిగారు మూలిగేది.

చివరికి నొబుయే ఆ పాత కారు అమ్మేసి చిన్న కొత్త కారు తెచ్చుకుంది. మా దగ్గర చిన్నకార్లకు వేసే పసుపు నంబరు ప్లేటు, ఎత్తైన కప్పు, మీట నొక్కితే పక్కకు జరిగే తలుపు. కొండెక్కేటప్పుడు రొప్పుతుంది, నిజమే. కానీ ఇరుకు సందులో ఒక్క తిప్పుకే మళ్ళుతుంది.

మొదటి ఆదివారం బ్యాటరీ దిగిపోయిందంది. తరవాతి వారం వాన అంది. ఆపైన సాకు దొరక్క చిన్నకారే ఆన్ చేసింది.

"ఓయ్, ఏంటది, కుట్టుమిషనా?"

"మన కారు లేదండీ. అమ్మేశాను."

"తోమిగారి మోకాళ్ళ కోసమా?"

"ఊఁ."

"నేనిక ఆ క్లచ్ తొక్కలేననా?"

"ఊఁ."

"సరేలే. మా కోసమేగా చేశావు. ఏడవకు."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఆ మన్నింపు ఆమెకు మింగుడుపడలేదు.

"అందుకే కాదండీ. నాకిది నచ్చింది. పెళ్ళైనప్పటినుంచీ ఆ కారంటే భయం నాకు. మలుపొస్తే కళ్ళు మూసుకునేదాన్ని. దీన్ని నడుపుతూ పాటలు పాడుకుంటున్నాను. మీరక్కడ మంచంలో ఉంటే, నేనిక్కడ పాడుకుంటున్నాను."

"కళ్ళు మూసుకున్నది భయంతోనా?" అన్నాడు ఇసావో. "నిద్రపోతున్నావనుకున్నానే. అంత హాయిగా నడుపుతున్నానని మురిసిపోయేవాణ్ణి."

ఆ పూట అతను నడకకు లేవలేదని నర్సు చెప్పింది.

ఆ పాపం తనదేనంటుంది నొబుయే. బస్సు ఆపిన పెద్దల్లో ఒక్కరైనా తల దించుకోగా నేను చూడలేదు. దించుకున్నది ఈమే.

మర్నాడు తోమిగారిని డాక్టరుకు చూపించి, అట్నుంచటే ఇసావో ఆసుపత్రికి వెళ్ళింది. కారు ఆపింది గానీ దిగలేదు.

"వెళ్ళమ్మా, తిడితే తిడతాడు" అంది తోమిగారు.

"తిట్టరండీ. అదే నా బాధ" అని, నొబుయే తలుపు తీసింది.