ఎర్ర బొత్తానికి అంకెలుండవు

ఆ ఆఫీసులో ఆమె అందరికీ వదినే. భర్తను అందరూ అన్నా అని పిలిచేవారు గనక ఆమెకు ఆ పిలుపు దక్కింది. ఎనభై దాటిన యజమాని తండ్రి కూడా ఒక్కోసారి నోరు జారి వదినా అనేవాడు.

వాళ్లది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. ఊళ్లో నాలుగు వందల భవనాల లిఫ్టులు వాళ్ల చేతి కింద ఉన్నాయి. ఎక్కడ లిఫ్టు మధ్యలో ఆగినా లోపలున్న మనిషి గోడకున్న ఎర్ర బొత్తాం నొక్కుతాడు. ఆ పిలుపు ఇక్కడికే వస్తుంది. కంపెనీ ఫోన్లన్నిటినీ మోసేది మూల గదిలో ఉన్న ఒక నల్ల పెట్టె. అన్న దాన్ని లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు మీద నిలబెట్టాడు. ఎర్ర బొత్తాం పిలుపు వస్తే మిగతా పిలుపులన్నీ పక్కకు తప్పుకుని దానికి దారివ్వాలి, ఫోనెత్తే బల్ల మీది తెరపై ఏ భవనమో, ఎన్నో లిఫ్టో పడాలి. అంతా అలా కుదిర్చి పెట్టి, ఒక ఉదయం స్కూటర్ తాళం చేతిలో ఉండగానే కూలబడి కన్నుమూశాడు.

నెల తిరగకముందే ఆఫీసు ఫోన్లు మూగబోయాయి. ఆ పెట్టె సంగతి తెలిసిన మనిషి దొరకలేదు. చివరికి యజమాని ఆమె గుమ్మం తొక్కాడు. ఆమె పదో తరగతి తప్పిన మనిషి, నోట్లో నాలుక లేదని పేరు. కానీ అన్న ఇంట్లో పని చేసుకునేటప్పుడు పక్కన కూర్చుని, ఆయన చెబుతుంటే నోటు పుస్తకంలో రాసింది ఆమే. ఆ పుస్తకం చంకన పెట్టుకుని వచ్చింది. నల్ల తెర మీద ఇంగ్లీషు అక్షరాలను ముగ్గుచుక్కల్లా పోల్చుకుంటూ, మూడు గంటలు కుస్తీ పట్టి ఫోన్లను మోగించింది. ఆ సాయంత్రం ఇంటికి పోయి, ఆయన పోయాక మొదటిసారి కడుపునిండా తింది. మర్నాటి నుంచి ఆఫీసులో ఫోనెత్తే బల్ల ఆమెదే అయింది.

పుస్తకం మొదటి పేజీలో ఒకే మాట ఉండేది: పాతది పక్కన పెట్టకుండా కొత్తది ముట్టుకోకు. ఏ ఫైలు మార్చాలన్నా ముందు దాని నకలు తీసి, తేదీ వేసి దాచాలి. మూడేళ్లలో ఆమె ఒక్కసారి కూడా ఆ మాట దాటలేదు.

ఇదిలా ఉండగా కోటు మనిషి వచ్చాడు. కొత్త ఫోన్ల వ్యవస్థ అమ్మే ఆసామి. యజమానికి అరచేతిలో వైకుంఠం చూపించాడు. ఈ నల్ల తెర ఒక్క మనిషికే తెలుసు, ఆ మనిషి మంచాన పడితే కంపెనీ కూడా మంచాన పడుతుందన్నాడు. విండోస్ సర్వర్ పెడితే అన్నీ బొమ్మలే, మౌస్ పట్టుకోగలిగిన ఎవరైనా నడపొచ్చన్నాడు. ఫోనెత్తడానికి మనిషి కూడా అక్కర్లేదు, రికార్డు చేసిన గొంతు పలుకుతుంది, అంకె నొక్కితే చాలన్నాడు. ఆ మాట అంటూ వదిన కుర్చీ వైపు చూశాడని ముసలి మెకానిక్ బాబాయి వచ్చి ఆమె చెవిన వేశాడు.

ఇంకొకరైతే ఏడ్చేవారు. వదిన చీర కొంగు దోపుకుని, పిలవని గదిలోకి నడిచింది.

"బాబుగారూ, ఏది పెట్టుకుంటారో మీ ఇష్టం. కానీ కొనేముందు మీరూ ఆయనా మన లిఫ్టులో నిలబడి ఎర్ర బొత్తాం నొక్కండి. అదొక్కటే అడుగుతున్నా."

కోటు మనిషి నవ్వాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని యజమాని గొణిగాడు. అయినా కాదనలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే కొత్త సర్వర్ వచ్చింది. ఆఫీసు భవనంలోని రెండో లిఫ్టు ఫోను తీగను దానికి తగిలించారు. నల్ల పెట్టెను మాత్రం వదిన ఆపనివ్వలేదు. పాతది పక్కన ఉండాల్సిందేనంది. యజమాని, కోటు మనిషి లిఫ్టు ఎక్కారు. బాబాయి దాన్ని రెండు అంతస్తుల మధ్య ఆపాడు. వదిన తన బల్ల దగ్గర కూర్చుంది.

లోపల యజమాని ఎర్ర బొత్తాం నొక్కాడు. తీయటి గొంతు పలికింది. కొత్త లిఫ్టు కావాలంటే ఒకటి, మరమ్మతుకైతే రెండు నొక్కమంది. యజమాని గోడంతా తడిమాడు. అక్కడున్నది ఒకే ఒక్క బొత్తాం. దానికి అంకెలుండవు. మళ్లీ అదే నొక్కాడు. గొంతు మళ్లీ మొదటి నుంచి అందుకుంది. తర్వాత సంగీతం వచ్చింది. మూడు సార్లు తిప్పి, ఏ అంకె నొక్కలేదు గనక సెలవంటూ పెట్టేసింది. వదిన బల్ల మీద ఫోను ఉలకలేదు, పలకలేదు.

ఆమె లేచి వెళ్లి, తీగను పీకి నల్ల పెట్టెకు తగిలించింది. బాబాయి పైనుంచి వంగి, మళ్లీ నొక్కమని కేకేశాడు. ఈసారి ఒక్క మోతకే వదిన ఎత్తింది.

"మన భవనం, రెండో లిఫ్టు. కంగారు పడకండి, బాబాయి మీ నెత్తిమీదే ఉన్నాడు."

బయటికి వచ్చేసరికి యజమాని చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కోటు మనిషి మాత్రం తొణకలేదు. పొరపాటు సర్వర్‌ది కాదు, తనదేనని ఒప్పుకున్నాడు. లిఫ్టు ఫోనుకు అంకెలుండవన్న ఆలోచనే తనకు తట్టలేదట. ఐదు నిమిషాల్లో సరిచేస్తానన్నాడు.

"నిజమే బాబూ. నేను విండోస్‌ను తిట్టడం లేదు. నా బల్ల మీద కంప్యూటరూ అదే. ఆ ఐదు నిమిషాల పని నాకు నేర్పుతావా?"

సెట్టింగుల పాస్‌వర్డు తమ కంపెనీ దగ్గరే ఉంటుందని, ఫోన్ చేస్తే మనిషిని పంపుతామని అతను నసిగాడు.

"అంటే తలుపు మాది, తాళంచెవి మీది. లోపల ఇరుక్కునేది ఎవరో."

బాబాయి దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. యజమాని మాత్రం పట్టిన పట్టు వదల్లేదు.

"అదంతా సరే వదినా. రేపు నువ్వు లేకపోతే?"

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తన బల్ల దగ్గరికి నడిచి, సొరుగు లాగి, అట్టలు చిరిగిన నోటు పుస్తకం తీసి ఆయన ముందు పెట్టింది.

"ఆయన లేకుండా పోయినప్పుడు ఇదే మిగిలింది. పది తప్పినదాన్ని, నేను నేర్చుకున్నా. ఇద్దరికి నేర్పనివ్వమని రెండేళ్లుగా అడుగుతున్నా, మీరే చెవిన పెట్టలేదు. తప్పు పెట్టెది కాదు, నాదీ కాదు."

యజమాని పుస్తకం తిరగేశాడు. కంప్యూటరుకిచ్చే ఇంగ్లీషు ఆజ్ఞలు, వాటి కింద గుండ్రటి తెలుగులో వివరాలు ఉన్నాయి. చాలాసేపటికి, కోటు మనిషిని సర్వర్ తీసుకుపొమ్మన్నాడు. నెలాఖరుకల్లా ఇద్దరు తయారు కావాలని వదినకు గడువు పెట్టాడు. ఆమె తలూపలేదు.

"ఒకరు మన ఆఫీసు లెక్కలు రాసే అమ్మాయి. రెండోవారు మీరు. కూర్చోండి."

ఇంకెవరైనా అయితే ఆయన కసిరేవాడే. లిఫ్టులో విన్న తీయటి గొంతు ఇంకా చెవిలో ఉందేమో, నల్ల తెర ముందు కూర్చున్నాడు. పుస్తకం చూసి ఒక్కో అక్షరం కొట్టాడు. ఫైలు తెరుచుకుంది. పని తెలిసిపోయినట్టు మొహం వెలిగిపోయి, మొదటి పంక్తి మార్చబోయాడు.

వదిన కీబోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"పాతది పక్కన పెట్టారా?"

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు.