సున్నా కేసుల ఊరు

తారాబాయి మామిడిపల్లిలో ఆశా కార్యకర్త. ఆ వేసవిలో పై ఆఫీసు ఆమెకు కొత్త ఫారాలు అప్పజెప్పింది. ఇంటింటికీ తిరిగి, ఎవరికి మనసు బాగాలేదో రాసుకు రావాలి. కేసులు తేలితే నెలకోసారి మనసు డాక్టరు ఊళ్లోకే వస్తారు.

మొదటి గడప రుక్కమ్మది.

"అక్కా, ఈ నడుమ మనసు బాగుంటలేదా?"

"మా ఇంట్ల పిచ్చోళ్లు ఎవ్వరు లేరమ్మా!" అంది రుక్కమ్మ. అంటూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నిద్ర పడ్తలేదు, బుక్క దిగుతలేదు, ఊకె ఏడుపొస్తది. గది గ్యాసు బిడ్డా. గట్లనే రాస్కో."

గ్యాసుకు ఫారంలో గడి లేదు. తారాబాయి 'లేదు' దగ్గర టిక్కు పెట్టింది.

శంకరయ్యకు ఊరి పక్క విమానాశ్రయంలో విమానం దిగినప్పుడల్లా గుండె దడ. గాలి సోకిందని చెప్పి తాయెత్తు చూపించాడు. ఉపేందర్ మూడు నెలలుగా కిరాయి కారు బయటికి తీయకుండా ముసుగుతన్ని పడుకున్నాడు. "వానికి బద్ధకం" అని తేల్చేసింది వాళ్లమ్మ.

మూడు వందల ఇళ్లు, సున్నా కేసులు. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. ఊరికి ప్రశంసాపత్రం రాసి, తారాబాయికి శాలువా కప్పారు. ఇంత సుఖంగా ఉన్న ఊరికి డాక్టరెందుకని ఆ రాకను రద్దు చేశారు.

తిరుగు బస్సులో శాలువాతో కూర్చున్న తారాబాయికి ఏడుపు ఆగలేదు. పక్క సీటావిడ ఆనందబాష్పాలనుకుంది. తారాబాయి భర్త పోయి ఏడాది. ఆనాటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. తన ఇంటి ఫారంలోనూ 'లేదు' అనే రాసుకుంది.

మర్నాడు మళ్లీ ఆఫీసు మెట్లెక్కింది.

"సార్, ఒక కేసు తప్పిపోయింది. రాస్కోండ్రి."

"ఎవరిది?"

"నాదే."

ఆఫీసరు కలం ఆగింది. "ఏందమ్మా గిట్ల జేస్తివి? పత్రం గిట్ట ఇచ్చేస్తిమి గదా!"

"పత్రం గోడకే ఉండనీయిండ్రి సార్. డాక్టర్ను పంపుండ్రి."

డాక్టరు వచ్చి ఊరి దవాఖానలో కూర్చున్నారు. మొదటి నెల రోగి ఒక్కతే. ఊళ్లో ఒకటే మాట: పాపం, ఆశమ్మకే పిచ్చి లేసింది! తారాబాయి వినీవిననట్టు మాత్రలు వేసుకుంది. డాక్టరు ముందు కూర్చుని భర్త సంగతి చెప్పుకుంది, తనివితీరా ఏడ్చింది. నెల తిరిగేసరికి నిద్ర పట్టసాగింది, ముఖం తేటపడింది.

రెండో నెల డాక్టరు వచ్చే రోజున ముగ్గురు ఆడవాళ్లు ఆమె వాకిట్లో నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆశమ్మా, గా దవాఖానకు ఎనక దర్వాజ ఉన్నదా?"

ఉంది. దాని తాళంచెవి ఏనాడో పోయింది. తారాబాయి రాయి తీసుకుని పోయి తాళం పగలగొట్టింది.